దిద్దుబాటుకు ముందే అచ్చమాంబ

తెలుగులో తొలి ఆధునిక కథ ఏదంటే 1910లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ అని చదువుకుంటూ పెరిగాం. అంతకు ఎనిమిదేళ్ల ముందే, 1902లో, ‘హిందూ సుందరి’ పత్రికలో ‘ధన త్రయోదశి’ అచ్చయింది. రాసింది భండారు అచ్చమాంబ.

ఆమె 1874లో కృష్ణా జిల్లాలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు, పదేళ్లకే పెళ్లయింది. భర్త ఉద్యోగం మధ్య పరగణాల్లో. బడికి వెళ్లింది లేదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు తమ ఇంట ఉండి చదువుకుంటుంటే, అతని పక్కన కూర్చునే తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకున్నారు. కన్నబిడ్డలు పోయిన దుఃఖంలోనూ చదువు వదల్లేదు. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ తెచ్చారు. ఆడవాళ్ల చరిత్రను ఒక ఆడమనిషే పూనుకుని రాయడం అప్పటికి చిన్న విషయం కాదు. మరుసటి ఏడాది బందరులో ఓరుగంటి సుందరీరత్నమాంబతో కలిసి బృందావన స్త్రీ సమాజం పెట్టారు.

‘ధన త్రయోదశి’లో పేదింటి ఇల్లాలు, పండక్కని భర్త తెచ్చిన తప్పుడు సొమ్మును ముట్టనంటుంది. నాకు మాత్రం అదే ఏడాది రాసిన ‘స్త్రీ విద్య’ మీదే మక్కువ. కథంతా మొగుడూ పెళ్లాల మాటలే. జైలుకు వెళ్లబోతున్న భర్త, చదువు నేర్చుకో, మనం ఉత్తరాలు రాసుకోవచ్చు అని భార్యను బతిమాలతాడు. ఆడవాళ్లకు చదువెందుకని ఊరు అనే మాటలన్నీ ఆమె నోటి వెంటే వస్తాయి. ఆయన ఒక్కొక్కదానికీ ఓపిగ్గా జవాబు చెబుతాడు. కువైట్‌లోని ఫహాహీల్‌లో ఉంటూ ఈ కథ చదివితే గుండె పట్టేస్తుంది. కడప నుంచి, కోనసీమ నుంచి కువైట్ వచ్చినవాళ్లకు, ఇంటి ఉత్తరం ఇంకొకరి చేత చదివించుకోవడంలోని కష్టం ఒకరు చెప్పక్కర్లేదు.

ఇలాంటి కథలు రాసిన అచ్చమాంబను చాలాకాలం మరిచిపోయాం. అమెరికా రచయిత్రి కేట్ చోపిన్‌దీ దాదాపు ఇదే రాత. 1899లో ‘ది అవేకెనింగ్’ నవల రాసి తిట్లు తిన్నారు, 1904 ఆగస్టులో పోయారు. ఆమె రచనలన్నీ 1969లో మళ్లీ అచ్చయ్యాక విశ్వవిద్యాలయాలు నెత్తిన పెట్టుకున్నాయి. అచ్చమాంబ 1905 జనవరిలో, ముప్పై ఏళ్లకే కన్నుమూశారు. ఆమె కథలూ చాలాకాలం పాత పత్రికల్లోనే ఉండిపోయి, ఈ శతాబ్దంలో సంపుటిగా వచ్చాయి.

ఇక్కడి తెలుగు సంఘాలవారికి ఒక మనవి. ఈసారి పండగ సభలో పాటలతోపాటు ‘స్త్రీ విద్య’ కూడా చదివించండి. ఇద్దరు చదివితే చాలు, వేదికకు వేరే హంగులు అక్కర్లేదు.