పాట ఎవరిది, పెట్టె ఎవరిది?

మన అధ్యక్ష మండలము నూరు సంవత్సరములు నిండించుకొన్న ఈ శుభ సమయమున గుడులను గూర్చి, బడులను గూర్చి, ఆసుపత్రులను గూర్చి పలువురు వ్రాయుచున్నారు. మేము ఒక చిన్న సంగతిని ఎన్నుకొంటిమి. డిసెంబరు నెలలో సంగీతము నేర్చుకొనుచున్న మన పిల్లలు గుడిలో వరుసగా నిలిచి క్రిస్మసు గీతములు పాడుదురు. పాటలు ముగియగానే కానుక పెట్టె బల్లల మధ్య తిరుగును. ఆ సొమ్ము ఊరిలోని అనాథలకో, రోగులకో, వృద్ధులకో చేరవలెనని మన ఉద్దేశము. ఇది మన తాతల నాటి అలవాటని తలంతుము. దీని వేళ్లు అంతకంటెను లోతున ఉన్నవి. వాటిని త్రవ్వి చూచినచో, ఆ పెట్టె ఎవరిదో కూడ మనకు తెలియును.

మొదట పాడిన పిల్లలు పరుల కొరకు పాడలేదు. తమ రొట్టె కొరకు పాడిరి. జర్మనీ పట్టణములలో బీద విద్యార్థులు గుంపుగా వీధి వీధి తిరిగి, గుమ్మముల యెదుట కీర్తనలు పాడి, పెట్టినది పుచ్చుకొనెడివారు. అట్టి గుంపునకు కురెండె అని పేరు. మార్టిన్ లూథరు 1498 మొదలు 1501 వరకు ఐజెనాక్ పట్టణమున చదివిన దినములలో ఇట్లే పాడి రొట్టెముక్కలు తెచ్చుకొనెను. పెద్దవాడైన తరువాత ఆ సంగతిని దాచుకొనలేదు. పిల్లలను బడికి పంపుడని 1530లో అచ్చువేయించిన ప్రసంగములో, గుమ్మము యెదుట పాడు బాలురను తృణీకరింపవద్దనియు, తానును వారిలో ఒకడనే యనియు చెప్పెను. 1535లో అచ్చయిన ఆయన క్రిస్మసు గీతమునకు పిల్లల పాట అనియే పేరు పెట్టిరి.

అదే ఐజెనాక్‌లో 1685లో జొహాన్ సెబాస్టియన్ బాక్ పుట్టెను. పది యేండ్లు నిండకమునుపే తల్లిని, తండ్రిని పోగొట్టుకొనెను. 1700లో ల్యూనెబర్గ్ పట్టణపు బడిలో, మంచి గొంతుగల బీద బాలుర కొరకు ఏర్పడిన గాయక బృందములో చేరి, తన పాటవలననే కూడు, నీడ సంపాదించుకొనెను. 1723లో లైప్‌జిగ్ నగరమున సెయింట్ థామస్ బడికి సంగీతాచార్యుడాయెను. అక్కడి పిల్లలును వీధులలో పాడి తమ పోషణకు సొమ్ము తెచ్చెడివారు. ఆ సొమ్ములో ఎవరి భాగమెంతయో నియమముండెను. బాక్ 1730 ఆగస్టులో నగర సభకు వ్రాసిన విన్నపములో 54 మంది పిల్లలను లెక్కించి, 17 మంది పనికివచ్చువారు, 20 మంది ఇంకను నేర్వవలసినవారు, 17 మంది సంగీతమునకు పనికిరానివారు అని తేల్చెను. అట్టి బడి పిల్లలను పెట్టుకొనియే 1734 డిసెంబరు 25 మొదలు 1735 జనవరి 6 వరకు, ఆరు పండుగ దినములలో ఆరు భాగములుగా, తన క్రిస్మసు ఒరటోరియోను పాడించెను. మన గాయక బృందముల నాయకులు ఈ లెక్క చదివి ధైర్యము తెచ్చుకొందురు గాక!

ఇంతవరకు పాట పాడినవాని ఆకలి తీర్చెను. అదే పాట ఇరుగుపొరుగువారి ఆకలి తీర్చుటను చూడవలెనన్న మనము డబ్లిను నగరమునకు పోవలెను. బాక్ పుట్టిన సంవత్సరముననే హాలే పట్టణమున పుట్టిన హాండెల్, తన మెస్సయ్యను 1742 ఏప్రిల్ 13న డబ్లినులో మొదటిసారి వినిపించెను. ఆ నగరపు రెండు కథీడ్రల్ దేవాలయముల గాయకులు, పురుషులును బాలురును, అందులో పాడిరి. మందిరములో మరికొందరికి చోటు దొరకునట్లు, స్త్రీలు వెడల్పైన వలయపు గౌనులు వేసికొని రావద్దని ముందుగా ప్రకటించిరి. వచ్చిన సుమారు 400 పౌండ్లను రెండు ఆసుపత్రులకును, అప్పు తీర్చలేక చెరసాలలో ఉన్నవారికిని పంచిరి. దానివలన 142 మంది విడుదల పొందిరని చెప్పుదురు. ఇది జరిగినది క్రిస్మసునకు కాదు, ఈస్టరు ముందు దినములలో. క్రీస్తు జననమును చెప్పు మొదటి భాగమునుబట్టి తరువాతి తరములవారు దీనిని క్రిస్మసు కాలమునకు చేర్చుకొనిరి.

లండనులో థామస్ కోరమ్ అను నావికుడు విడువబడిన శిశువుల కొరకు పాటుపడి, 1739లో రాజశాసనము సంపాదించి ఫౌండ్లింగ్ ఆసుపత్రిని స్థాపించెను. హాండెల్ 1749లో దాని మేలుకొరకు కచేరి చేసెను. 1750 మొదలు అక్కడి గుడిలో మెస్సయ్యను ఏటేట పాడుట వాడుక ఆయెను. ఆయన కాలములో ఈ ప్రదర్శనలవలన ఇంచుమించు 7,000 పౌండ్లు చేరినవని సంగీత చరిత్రకారుడు చార్లెస్ బర్నీ లెక్క చెప్పెను. 1754 నాటి కచేరి ఖర్చుల పట్టిక నేటికిని నిలిచియున్నది. ఏ గాయకునికి ఎంత, ఏ వాద్యకారునికి ఎంత ముట్టెనో అందులో వ్రాసిరి. హాండెల్ మాత్రము తనకై ఏమియు తీసికొనలేదు. ఇంకొక సంగతి మరువరాదు. ఆ ఆశ్రమపు పిల్లలకును సంగీతము నేర్పిరి. పందొమ్మిదవ శతాబ్దమున వారి పాట వినుటకై లండను ప్రజలు ఆదివారములందు ఆ గుడికి వచ్చి కానుకలు వేసెడివారు. దానము పొందిన పిల్లలే గాయకులైరి.

హాండెల్ పుట్టిన హాలే మనకు పరాయి ఊరు కాదు. అక్కడ ఫ్రాంకె అను పాదిరిగారు 1695లో కానుక పెట్టెలో దొరికిన 4 థాలర్ల 16 గ్రోషెన్లతో బీద పిల్లల బడి ఆరంభించిరి. దాని నుండి పెద్ద అనాథ శరణాలయము పెరిగెను. ఆ హాలే వారి మిషను పక్షమున మన దేశమునకు వచ్చిన బెంజమిన్ షుల్జె మద్రాసులో తెలుగు నేర్చి, 1743లో తిరిగిపోయి, 1746 మొదలు హాలేలోనే తెలుగు క్రైస్తవ గ్రంథములు అచ్చువేయించెను. ఒక చిన్న పెట్టెలోని చిల్లర ఎంత దూరము పోవునో మన తెలుగు అక్షరములే సాక్ష్యము.

ఇప్పుడు మన యింటి మాట. మన యువజనులు చలి రాత్రులందు దీపములు పట్టుకొని ఇంటింట పాడుట ఆ కురెండె గుంపులను తలపించును. కొన్ని చోట్ల ఆ పెట్టెలోని సొమ్ము పాడినవారి విందుకో, క్రొత్త బట్టలకో ఖర్చగుచున్నది. పిల్లలను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. రాత్రియంతయు పాడినవారికి వేడి వేడి అన్నము పెట్టవలసినదే. అయితే అది పెద్దలు వేరుగా పెట్టవలసిన ఖర్చు. బీదల పేర అడిగి తెచ్చిన రూపాయి బీదలదే. ఆకలిగొన్న లూథరు తన రొట్టె కొరకని చెప్పియే పాడెను. అందులో మోసము లేదు. పరుల కొరకని పాడి మనము తినుటలోనే చిక్కున్నది.

కాబట్టి మూడు మనవులు చేయుచున్నాము. డిసెంబరులో తొందరపడక, పిల్లలకు సంవత్సరము పొడుగున సంగీతము నేర్పుదము. కచేరి తరువాతి ఆదివారమున వచ్చినదెంత, ఎవరికి ముట్టినదెంత అని గుడిలో చదివి వినిపింతము. మన హాస్టళ్లలోని బీద పిల్లలను, శరణాలయపు పిల్లలను పుచ్చుకొనువారి వరుసలోనే కూర్చుండబెట్టక, పాడువారి వరుసలో నిలుపుదము. రెండవ శతాబ్దములో అడుగిడుచున్న మన సంఘములకు ఈ మూడును అసాధ్యములు కావు. ఈ వచ్చు క్రిస్మసుకే ఆరంభింపవచ్చును.