78 ప్లేట్లకు ఏ టర్న్‌టేబుల్?

సంఘం గదిలోని పాత ప్లేట్ల కోసం కొత్త టర్న్‌టేబుల్ కొందామన్నప్పుడు, పోయిన సమావేశంలో ఒక పెద్దాయన అడిగారు: "పాటలన్నీ ఫోనులోనే ఉన్నాయి కదా, ఇంత ఖర్చెందుకు?" ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయాం. ఇప్పుడు చెబుతున్నాం.

ఫోనులో ఉన్నవి ఎక్కువగా సినిమా పాటలు. మన అలమరలో సగానికి పైగా రంగస్థల పద్యాలు, నాటకాల సెట్లు. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లరే పలుకుతుంది. రాత్రంతా రాగం తీసే నటులు దాన్ని కుదించి పాడాల్సి వచ్చింది. నాటకమైతే ప్లేటు తర్వాత ప్లేటు. నడుమ ఒకటి పోతే రంగం పోయినట్టే.

అలా ఒకటి మన చేతుల్లోనే పోయింది. వార్షికోత్సవానికి కీ ఇచ్చే గ్రామఫోను తెచ్చి, సాయంత్రమంతా ఒకే ఉక్కు ముల్లుతో నడిపించాం. వైపుకొక ముల్లు మార్చాలని మాలో ఎవరికీ తోచలేదు. ప్లేటులో కలిపిన రాతిపొడి ముల్లును అరగదీస్తుంది, అరిగిన ముల్లు తిరిగి గాడిని కోస్తుంది. నల్లటి ప్లేటు బూడిదరంగుకు తిరిగింది. తప్పు మాదే.

ఈ ప్లేట్ల ప్రయాణం చూడండి. 1902లో ఫ్రెడ్ గైస్‌బర్గ్ కలకత్తాలో రికార్డు చేసినవి అచ్చయింది జర్మనీలోని హనోవర్‌లో. లక్క మన దేశానిది, ప్లేటు అక్కడిది! 1908లో కలకత్తాలో ఫ్యాక్టరీ పెట్టారు, 1928లో డమ్‌డమ్‌లో పెద్దది వచ్చింది. మన మదరాసులో సరస్వతీ స్టోర్స్ వారు ఓడియన్ ప్లేట్లు అమ్మేవారు. ఆ కాలపు ఓడియన్ లేబుళ్ల మీద జర్మనీ పేరు కనిపిస్తుంది. అమెరికాలో 1948లోనే ఎల్పీ వచ్చినా, ఇక్కడ 78లు 1960ల చివరిదాకా అచ్చవుతూనే ఉన్నాయి. అందుకే మన ఇళ్లలో ఇన్ని మిగిలాయి.

ఇక యంత్రం సంగతి. కుర్రవాళ్లు రీగా ప్లేనార్ 3 అన్నారు. మంచిదే, కానీ దానికి 33, 45 వేగాలే. మనకు 78 తప్పనిసరి. దానికన్నా ముఖ్యం, వేగాన్ని కాస్త అటూ ఇటూ జరిపే వీలు. తొలినాటి ప్లేట్లన్నీ కచ్చితంగా 78లో తీసినవి కావు. నిమిషానికి నాలుగున్నర చుట్లు తేడా వస్తే శ్రుతి సుమారు అర మెట్టు మారుతుంది, గొంతు వేరే మనిషిదిలా వినిపిస్తుంది. హార్మోనియం పక్కన పెట్టుకుని శ్రుతి కలుపుకోవాలి. ఈ పనికి మన దగ్గరున్న హార్మోనిస్టులే దిక్కు.

ముల్లు కూడా వేరే కావాలి. ఎల్పీ ముల్లు కొన సుమారు 18 మైక్రాన్లు, 78కి 75 దాకా. ఎల్పీ ముల్లు పెడితే గాడి అడుగున పడి బరబరమంటుంది. సూట్‌కేసు ఆకారపు చవక మిషన్లు వద్దనడానికి ఇదొక కారణం: వాటిలో బరువు సరిచేసే వీలూ ఉండదు.

కమిటీ మొగ్గు ఆడియో టెక్నికా ఎల్పీ120ఎక్స్ వైపు. మూడు వేగాలు, వేగం సరిచేసే మీట, హెడ్‌షెల్ విప్పి మార్చే సౌకర్యం ఉన్నాయి. 78 ముల్లుకు సుమారు 5 గ్రాముల బరువు పెట్టాలి. టెక్నిక్స్ ఎస్ఎల్-1200 ఇంకా గట్టిది, ఇప్పటి మోడళ్లలో 78 ఉంది కూడా, కానీ మన నిధికి అది భారం. మిగిలిన డబ్బుతో 78 ముల్లు విడిగా కొని, పాడినదంతా కంప్యూటరులోకి ఎక్కించాలని అనుకుంటున్నాం.

మీ ఇళ్ల అటకల మీద ప్లేట్లుంటే తెండి. పెట్టెలో నిలువుగా పెట్టి తెండి, పడుకోబెట్టొద్దు. స్పిరిటుతో మాత్రం తుడవకండి. లక్క కరిగిపోతుంది.