వినబడని ధ్వని, కనబడిన గుండె

1816లో లాయెనెక్ స్టెతస్కోపును కనిపెట్టిననాటి నుండి వైద్యులు గుండె చప్పుడు విని రోగమును పోల్చుకొనుచున్నారు. చెవినే నమ్ముకొన్న రేడియోవారము గనుక ఆ పద్ధతిపై మాకు మక్కువ ఎక్కువ. ఐనను చెవికి చిక్కక దాగియుండు గుండెజబ్బు ఒకటి కలదు.

పిల్లలకు వచ్చు ఒకరకపు గొంతునొప్పి, సరియైన చికిత్స లేనిచో, కొందరిలో రుమాటిక్ జ్వరమునకు దారితీయును. కీళ్ల వాపు తగ్గిపోవును, ఇంటివారు మరచిపోవుదురు. జ్వరము మరల మరల వచ్చినకొలది గుండె కవాటములు గట్టిపడి, అతుకుకొని, నెత్తురు దారిని ఇరుకు చేయును. కిక్కిరిసిన ఇండ్లలో పెరుగు బీదపిల్లల వ్యాధి యిది. ధనిక దేశములలో అరుదు కాగానే లోకము దీనిని మరచినదని మా అభిప్రాయము.

స్వీడన్‌లోని లుండ్ నగరమున ఇంగె ఎడ్లర్ అను హృద్రోగ వైద్యుడు ఉండెను. శస్త్రచికిత్సకు ముందే, కవాటము ఇరుకైనదా, కారుచున్నదా అని తెలియుట యెట్లు? ఇదియే ఆయన చింత. భౌతికశాస్త్రజ్ఞుడు హెల్ముత్ హెర్ట్జ్ ఆయనకు తోడయ్యెను. మన రేడియోలపై కిలోహెర్ట్జ్ అని కనబడు పేరు ఈ వంశముదే. రేడియో తరంగములను నిరూపించిన హైన్రిక్ హెర్ట్జ్ ఈయన తండ్రికి పెదతండ్రి. మాల్మోలోని ఓడల కర్మాగారమున, లోహములోని పగుళ్లను అతిధ్వనులతో పసిగట్టు యంత్రము ఉండెను. 1953లో హెర్ట్జ్ అచటికి పోయి దానిని తన రొమ్మునకే ఆనించుకొనెను. తెరపై ఒక ప్రతిధ్వని గుండెతోపాటు కదలాడెను! ఎరవు తెచ్చిన మరియొక యంత్రముతో ఆ యేడు అక్టోబరు 29న ఆ కదలికను మొదటిసారి నమోదు చేసిరి. కవాటపు రెక్క పంపిన ప్రతిధ్వనిని తొలుత కర్ణిక గోడదని పొరబడిరి. మృతదేహములను పరీక్షించిన పిదప నిజము తేలెను. ఆరోగ్యముగల రెక్క చురుకుగా వాలును. ఇరుకైన కవాటమునది మెల్లగా కదలును.

ఈ పరీక్ష బీదదేశముల బడులకు చేరుటకు అర్ధశతాబ్ది పట్టెను. 2007లో వెలువడిన పరిశోధన ప్రకారము, కంబోడియాలో 3,677 మంది బడిపిల్లలను చూడగా స్టెతస్కోపు పట్టినది 8 మందిని. ప్రతిధ్వని చిత్రము పట్టినది 79 మందిని.

పట్టుకొని యేమి లాభమని శ్రోతలు అడుగవచ్చును. ఉగాండాలో లక్షకు పైగా పిల్లలను పరీక్షించి, రోగము లోలోపల దాగియున్నవారిని రెండు జట్లు చేసిరి. ఒక జట్టునకు 28 దినములకొక పెన్సిలిన్ సూది వేసిరి. రెండేండ్లకు సూది లేని జట్టులో 33 మందికి, సూది వేసినవారిలో ముగ్గురికే రోగము ముదిరినట్లు 2021లో ప్రకటించిరి. సూది లేనివారిలోను ఎక్కువమందికి ముదరలేదు. ఆ 33 మంది యెవరో మాత్రము మొదటి చిత్రమును చూచి చెప్పుటకు వీలు కాలేదు.