న్యూటన్ సూత్రాలు ఉర్దూలో చదివిన కాలం

హర్కత్ అంటే చలనం, రఫ్తార్ అంటే వేగం, ఇస్రా అంటే త్వరణం. ఉర్దూ మీడియం బడిలో నాకు ఫిజిక్స్ పరిచయమైంది ఈ లఫ్జ్‌లతోనే. ఒకప్పుడు హైదరాబాద్‌లో యూనివర్సిటీ మెకానిక్స్ కూడా ఇదే జబాన్‌లో నడిచింది.

ఉస్మానియా యూనివర్సిటీ 1918లో ఏర్పడింది. అంతకు ముందు ఏడాదే దారుల్ తర్జుమా మొదలైంది. మౌల్వీ అబ్దుల్ హఖ్ దాని తొలి నాజిమ్. కితాబుల తర్జుమాకు ముందు ఇస్తిలాహాత్, అంటే పారిభాషిక పదాలు తేలాలి. అదీబ్‌లు, సైన్స్ తెలిసినవాళ్లు కలిసి బహస్ చేసేవారు. గతిశాస్త్రం హర్కియాత్ అయింది, స్థితిశాస్త్రం సుకూనియాత్ అయింది. జడత్వానికి జమూద్ అన్నారు. కౌమ్ కదలక మెదలక పడి ఉందని బాధపడేటప్పుడు మన పెద్దలు వాడే మాటే అది. బయటి నుంచి ఖువ్వత్ పడందే వస్తువు తన హాలత్ మార్చుకోదన్న న్యూటన్ మొదటి సూత్రం ఆ ఒక్క మాటతో ఇంటి సంగతిలా తెలిసిపోతుంది.

1948 తర్వాత యూనివర్సిటీ చదువు ఇంగ్లీషులోకి మారింది. ఆ మాటలు ఉర్దూ బడి కితాబుల్లో మాత్రం మిగిలాయి.

ఫఖర్‌తో పాటు ఇన్సాఫ్ కూడా ఉండాలి. నిజాం రియాసత్‌లో మిగతా జబాన్‌లన్నిటికంటే ఎక్కువమంది మాదరీ జబాన్ తెలుగు. ఆ ఇళ్ల పిల్లలకు ఇస్రా కూడా పరాయి మాటే. మాదరీ జబాన్‌లో పైచదువు సాధ్యమేనని ఉస్మానియా చూపించింది. ఆ హఖ్ తెలుగు పిల్లలకు మాత్రం అందలేదు.

మన పిల్లలకు రెండు జబాన్‌లూ ఉన్నాయి. త్వరణం చెప్పేటప్పుడు ఇస్రా కూడా చెప్పండి.