ఓరుగల్లు ముట్టడి, ఒక వదంతి, తత్త్వశాస్త్రంపై ఒక అభియోగం

ఖిలా వరంగల్‌ను చూడవచ్చినవారు మట్టికోటను, రాతికోటను, నాలుగు కీర్తితోరణాలను, లోపలికి వాలిన గోడల ఖుష్ మహల్‌ను చూచి వెళ్తారు. ఈ కోట ముందు జరిగిన ఒక సంఘటనకు ఇస్లామీయ తత్త్వశాస్త్ర చరిత్రతో సంబంధమున్నదని తలచేవారు అరుదు.

సుల్తాన్ గియాసుద్దీన్ తుగ్లక్ కుమారుడు ఉలుగ్ ఖాన్, 1321లో బయలుదేరి కాకతీయ ప్రతాపరుద్రుని కోటను ముట్టడించాడు. కోట లొంగే దశలో ఢిల్లీ నుండి వచ్చే టపా ఆగిపోయింది. అప్పుడు యువరాజు సహచరుడైన ఉబైద్ అనే కవి, షేఖ్‌జాదా దిమిష్ఖీ అనే మరొకడు, సుల్తాన్ మరణించాడన్న వదంతిని పుట్టించారని జియావుద్దీన్ బరనీ వ్రాశాడు. అమీర్లు బెదరి తమ దళాలతో వెళ్ళిపోయారు. ముట్టడి చెదిరిపోయింది. నిజానికి సుల్తాన్ బ్రతికే ఉన్నాడు. ఉబైద్‌కు మరణశిక్ష పడింది. 1323లో ఉలుగ్ ఖాన్ తిరిగి వచ్చి కోటను జయించాడు. ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది.

ఈ సంఘటననే ఇబ్ను బతూతా మరొక విధంగా చెప్పాడు. తిరుగుబాటు తలపెట్టిన యువరాజే ఆ వదంతిని వ్యాపింపజేయమని ఉబైద్‌ను ఆదేశించాడని అతని కథనం. సంఘటన ఒకటే, దోషి మాత్రం మారిపోయాడు.

ఉలుగ్ ఖానే 1325లో ముహమ్మద్ బిన్ తుగ్లక్‌గా సింహాసనమెక్కాడు. పదిహేడేళ్ళకు పైగా అతని కొలువులో ఉన్న బరనీ, అతని కాఠిన్యానికి కారణమేమిటని ప్రశ్నించుకొని, యౌవనంలో అతడు చేసిన స్నేహాలను చూపాడు: తర్కవేత్త సాద్ మంతిఖీ, కవి ఉబైద్, ఫల్సఫీ నజ్మ్ ఇంతిషార్. వీరి సాంగత్యంలో ‘మాఖూలాత్’ (బుద్ధిగ్రాహ్య విద్యలు) మరిగి, ‘మన్‌ఖూలాత్’ (పరంపరగా అందిన ధర్మజ్ఞానం) పట్ల విశ్వాసం సడలి, సుల్తాన్ హృదయం కఠినమైందని అతని అభియోగం.

ఈ అభియోగం నేటికీ మన మధ్య వినిపిస్తూనే ఉన్నది. కనుక దానిని పరీక్షించాలి. తత్త్వశాస్త్రం చదివాడు, క్రూరుడయ్యాడు. కావున తత్త్వశాస్త్రమే క్రూరుణ్ణి చేసింది — ఈ అనుమానం నిలుస్తుందా? అల్లావుద్దీన్ ఖిల్జీ విద్యాగంధం లేనివాడని, అయినా ఎంతో రక్తం చిందించాడని అదే గ్రంథంలో బరనీయే వ్రాశాడు. మరొక మాట కూడా అతడు దాచలేదు: ప్రాణభయంతోను, ధనాశతోను తనవంటి సభాసదులు సుల్తాన్ ఎదుట సత్యం పలుకలేదని ఒప్పుకున్నాడు. తత్త్వశాస్త్రంపై మోపిన నేరంలో పండితుల మౌనానికి కూడా పాలు ఉన్నదన్నమాట.

ఇమామ్ గజాలీని ఈ అభియోగానికి సాక్షిగా తెచ్చేవారున్నారు. ఆయన ‘తహాఫుతుల్ ఫలాసిఫా’లో ఇరవై విషయాలలో ఫలాసిఫాను ఖండించిన మాట నిజమే. కాని తర్కాన్ని త్రోసిపుచ్చలేదు. తరువాత ధర్మశాస్త్ర మూలసూత్రాలపై వ్రాసిన ‘అల్ ముస్తస్ఫా’ను తర్కశాస్త్ర పీఠికతోనే ఆరంభించాడు. ఆ ఖండనకు ఇబ్ను రుష్ద్ ప్రత్యుత్తరం గ్రంథరూపంలోనే ఇచ్చాడు. వారి వివాదం వదంతులతో గాక ప్రమాణాలతో సాగింది.

ఆ వారసత్వం మనకు దూరమైనది కాదు. 1888లో హైదరాబాదులో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్, ఫారాబీ రిసాలాలను, ఇమామ్ రాజీ ‘అల్ మబాహిసుల్ మష్రిఖియ్యా’ను, అబుల్ బరకాత్ బగ్దాదీ ‘కితాబుల్ ముఅతబర్’ను అరబీలో ముద్రించింది. ‘ముఅతబర్’ అనగా స్వయంగా యోచించి, తూచి స్వీకరించినది.

అనువాదకునిగా ఒక చిక్కును ఇక్కడ చెప్పాలి. ‘మంతిఖ్’ను తెలుగులో ‘తర్కం’ అంటే, వాడుకలో అది వాదులాట అనిపిస్తుంది. అరబీలో దాని మూలం ‘నుత్ఖ్’, అనగా పలుకు. మాటను సరిచూచే విద్య అది.

ఓరుగల్లు ముందు ఒక సైన్యాన్ని చెదరగొట్టింది సరిచూడని మాటే. నాడు టపా ఆగితే వదంతి పుట్టింది. నేడు చేతిలోని ఫోనుకు క్షణక్షణం టపా అందుతున్నా వదంతి ఆగడం లేదు. ఊళ్ళలో మనుషుల ప్రాణాలు పోతున్నవి. దుర్మార్గుడు తెచ్చిన వార్తను విచారించనిదే నమ్మవద్దని సూరె హుజురాత్ ఆరవ ఆయత్ విశ్వాసులను ఆదేశిస్తున్నది. ఆ ఆజ్ఞను పాటించాలంటే విచారించే పద్ధతి తెలియాలి. చెప్పినవాడెవడు, అతడు చూచాడా విన్నాడా, ఒకటి జరిగినంత మాత్రాన రెండవది దాని ఫలమేనా అని అడగడం మన పిల్లలకు నేర్పాలి. మన మదర్సాలలో మంతిఖ్ పాఠం పరీక్ష కోసం వల్లించే సూత్రంగా మిగలరాదు. బరనీని చదివేటప్పుడు సైతం ఆ పాఠాన్ని వాడగలిగితేనే అది విద్య. వల్లాహు ఆలమ్.