బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి: ఆమె జాడ

తెలంగాణ వలస గురించి ఎవరు మాట్లాడినా 'బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి' అనే మాట తప్పక వస్తుంది. వెల్గటూరు, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల నుంచి సాగునీళ్లు లేకనో మగ్గం నడవకనో జనం పోయిన మూడు తావులివి. ఆ మాట వినగానే మన కళ్ల ముందు నిలిచేది సంచి భుజాన వేసుకున్న మగవాడు. మరి ఆమె ఎక్కడికి పోయింది? ఎక్కడికి పోనిచ్చారు?

బొగ్గుబాయి తలుపు చట్టమే మూసింది. 1952 గనుల చట్టం స్త్రీలను భూగర్భ పనికి దూరంగా ఉంచింది. 2019లో గానీ ఆ నిషేధం సడలలేదు.

బొంబాయి కథ వేరు. 1947 దాకా అది ఇంగ్లీషువాళ్ల ఏలుబడి, మనది నిజాం రాజ్యం. ఇక్కడి హాలీ సిక్కా వేరు, అక్కడి కల్దారు వేరు. మనవాళ్లకది అక్షరాలా పరాయి నగరం. అక్కడ ఇళ్లూ రోడ్లూ కట్టిన తెలుగు కూలీలను 'కామాఠీలు' అన్నారు. వాళ్లు నివసించిన పేటే కామాఠీపురా. తట్టలు మోసినవాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. 19వ శతాబ్దం చివరికి బ్రిటిష్ పోలీసుల విధానాలు సెక్స్ వ్యాపారాన్ని ఆ వీధుల్లోకి చేర్చాయి. ఆ తర్వాత లోకానికి కామాఠీపురా అంటే ఆ ఒక్క అర్థమే మిగిలింది. నగరాన్ని కట్టిన స్త్రీల శ్రమ ఆ పేరు కిందే కనిపించకుండా పోయింది.

తర్వాతి తరాల్లో పద్మశాలీలు బొంబాయి మిల్లులకూ, భీవండి మరమగ్గాలకూ పోయారు. మొదట మగవాడు ఒక్కడే పోయినా, చాల్‌లో ఒక గది దొరికితే భార్యాపిల్లల్ని పిలిపించుకోవచ్చు. వాళ్లను రావద్దనే చట్టం లేదు. అక్కడ కొత్త కాపురాన్ని నిలబెట్టింది ఆమే. కొళాయి దగ్గర వంతు సంపాదించడం, భాష రాకున్నా బేరమాడడం, ఊరివాళ్లున్న గల్లీని వెతుక్కోవడం, ఇంట్లో కూర్చుని నాలుగు పైసలొచ్చే పని చేయడం... స్థిరపడడమంటే ఇదంతా. 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మెలో రెండు లక్షల పైచిలుకు కార్మికుల జీతాలు ఆగిపోయాయి. సమ్మె చరిత్రలో నాయకుల పేర్లు ఉన్నాయి. జీతం రాని ఆ నెలల్లో పొయ్యి ఎట్లా వెలిగిందో చెప్పే పేజీలు తక్కువ.

దుబాయి దగ్గర కథ తిరగబడింది. అక్కడ భార్యను తెచ్చుకోవాలంటే నెలకు 4000 దిర్హాముల జీతం కావాలి, లేదా 3000 దిర్హాములూ వసతీ ఉండాలి. ఏ వృత్తివాళ్లు తెచ్చుకోవచ్చన్న షరతును 2019లో తీసేశారు గానీ, జీతం షరతు మిగిలింది. భవన నిర్మాణ కూలీకి అది అందని మొత్తం. అందుకే అతను ఏళ్ల తరబడి లేబర్ క్యాంపులో ఒక మంచానికి మాత్రమే హక్కుదారు. కడప, గోదావరి జిల్లాల నుంచి చాలామంది స్త్రీలు ఖద్దామాలుగా కువైట్ వెళ్లారు. వాళ్లు చేరింది నగరానికి కాదు, ఒక ఇంటి వంటగదికి. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికో సెలవు ఇవ్వాలనీ అక్కడి చట్టం చెప్పింది 2015లోనే.

మన వైపు నుంచి గల్ఫ్ పోయినవాళ్లలో మగవాళ్లే ఎక్కువ. ఇక్కడ మిగిలిన ఆమె చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. ఏజెంటుకు కట్టిన అప్పు మీద వడ్డీ, అత్తమామల మందులు, పిల్లల ఫీజులు ఆ బీడీల మీదే నడిచాయి. మొదటి జీతం వచ్చేదాకా దుబాయిలో అతను నిలదొక్కుకోవడానికి పెట్టుబడి అదే. అయినా లెక్కల్లో అతను గల్ఫ్ కార్మికుడు, ఆమె బీడీ కార్మికురాలు. ఒకే వలసను రెండు ఖాతాల్లో రాసి, మధ్య గీత గీశాం.

'మనకు తెలియని మన చరిత్ర' 1986లో సాయుధపోరాట స్త్రీల జ్ఞాపకాలను చరిత్రగా నిలబెట్టింది. వలసకూ అలాంటి పని మిగిలే ఉంది. గల్ఫ్ విధానం రాసేవాళ్లు విమానమెక్కినవాడితోపాటు, ఆ టికెట్టు అప్పు తీర్చినామెనూ కార్మికురాలిగా లెక్కించాలి. ఆమె మాటలు నమోదు చేయాల్సింది మనమే. బొంబాయి చాల్‌లో కాపురం పెట్టిన తరం వయసు మీద పడుతోంది.