రాతిని దాటి వచ్చినవి

1930 డిసెంబరు 4. జూరిచ్‌లో భౌతికశాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలి ఉత్తరం రాస్తున్నాడు. ట్యూబింగెన్‌లో జరిగే సభకు తను రాలేడట. ఊళ్లో నృత్యోత్సవం ఉందట! దొరగారి సాకు అది. అణు కేంద్రకంలోంచి ఎలక్ట్రాన్ వెలువడేటప్పుడు మాయమవుతున్న శక్తిని ఆవేశం లేని ఓ కణం మోసుకుపోతూ ఉండవచ్చన్నది అందులోని అసలు సంగతి. అదే తర్వాత న్యూట్రినో అయింది. ఆ కణానికి పిసరంత అయస్కాంతత్వం ఉండవచ్చని కూడా పౌలి అక్కడే రాశాడు. ఈ రెండో మాట ఎవరికీ పెద్దగా గుర్తులేదు.

2018, జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధనాశాల. అక్కడి కొలైడర్ (కణాలను ఢీకొట్టించే యంత్రం) ఎల్‌హెచ్‌సీలో ప్రోటాన్లు ఢీకొన్నప్పుడల్లా న్యూట్రినోలు పుడుతూనే ఉన్నాయి. ప్రోటాన్లు అయస్కాంతాలకు లొంగి వంపు తిరుగుతాయి. న్యూట్రినోలు లొంగవు, రాతిలోంచి తిన్నగా పోతాయి. అట్లాస్ డిటెక్టర్‌కు 480 మీటర్ల దూరంలో, వాడకంలో లేని ఒక పక్క సొరంగంలో 29 కిలోల ఫొటో ఎమల్షన్ ఫిల్ముల పెట్టెను కొన్ని వారాలు ఉంచారు. ఫిల్ములు కడిగి చూస్తే న్యూట్రినోలవి అనిపించే గుర్తులు ఆరు!

భౌతికశాస్త్రవేత్తలు జొనాథన్ ఫెంగ్, జేమీ బాయిడ్‌ల బృందం అట్లాస్‌కు అంతే దూరంలో, అవతలి వైపు సొరంగంలో ఫేజర్ అనే డిటెక్టర్‌ను నిలబెట్టింది. న్యూట్రినోల దారి సొరంగం నేల కన్నా కిందుగా ఉండటంతో కాంక్రీటు తవ్వాల్సి వచ్చింది. అట్లాస్‌లో మిగిలిన ట్రాకర్ పలకలు, మరో డిటెక్టర్ ఎల్‌హెచ్‌సీబీలో మిగిలిన కెలోరీమీటర్ ముక్కలు తెచ్చి బిగించారు. అరువు నగలతో పీటలెక్కిన పెళ్లికూతురన్నమాట. 2023 మార్చిలో లెక్క చెప్పారు: 153 న్యూట్రినోలు, 16 సిగ్మా, అంటే పొరపాటుకు దాదాపు తావులేనంత నమ్మకం. కొలైడర్‌లో పుట్టిన న్యూట్రినోలు సూటిగా పట్టుబడటం అదే మొదలు.

ఇప్పుడు పౌలి రెండో మాట, న్యూట్రినో అయస్కాంతత్వం సంగతి. న్యూట్రినో అయస్కాంతమే అయితే, దాని తాకిడికి తక్కువ శక్తితో కదిలే ఎలక్ట్రాన్లు అంచనాకు మించి కనిపించాలి. న్యూట్రినో మూడు రకాల్లో టౌ గురించే మనకు తెలిసింది అతి తక్కువ. దాని అయస్కాంతత్వం ఎలక్ట్రాన్ అయస్కాంతత్వంలో కోటికి నాలుగు వంతులు మించదని ఫెర్మీల్యాబ్‌లోని డోనట్ ప్రయోగం 2001లో తేల్చింది. శాస్త్రం ఊహించే విలువ అంతకన్నా కోట్ల రెట్లు చిన్నది. ఈ రెంటి మధ్య ఖాళీలో ఏది దొరికినా కొత్త భౌతికశాస్త్రమే. టౌ న్యూట్రినోలు ఎల్‌హెచ్‌సీలో పుష్కలం. అందుకే అట్లాస్‌కు 600 మీటర్లు దాటిన చోట కొత్త గుహ తవ్వి, టన్నుల కొద్దీ ద్రవ ఆర్గాన్ నింపి, ఆ ఎలక్ట్రాన్ల కోసం కాపు కాద్దామని ప్రతిపాదన పెట్టారు.